పంట నమూనా సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఇంటర్‌ఫేస్: ఏ పద్ధతి అనువైనది?

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. విత్తే తేదీ, నత్రజని మోతాదు, నీటి తడుల ప్రభావాన్ని ముందుగా అంచనా వేయడానికి డీశాట్ వంటి పంట నమూనాలు తోడ్పడతాయి. ఇటువంటి నమూనాలకు కావలసిన కనీస సమాచారంపై 1983 మార్చిలోనే పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగింది. డీశాట్ గణన భాగం ఫోర్‌ట్రాన్ భాషలో ఉంది. వివరాలను టెక్స్ట్ ఫైళ్లలో నిర్ణీత గడులలో నింపాలి. ఒక అంకె ఒక గడి పక్కకు జరిగితే విలువ మారిపోవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తకు తెలుగు తెర అవసరమయ్యేది ఇక్కడే.

దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, గణన భాగాన్నే తిరగరాసి తెరను అందులో కలపడం. అప్పుడు ప్రతి సమీకరణాన్నీ మళ్లీ సరిచూడవలసి వస్తుంది. రెండవది, గణన భాగాన్ని కదపకుండా, ఫైళ్లను రాసి, నమూనాను నడిపి, ఫలితాలను చదివే వేరొక ప్రోగ్రామును కంప్యూటరులో ఉంచడం. మూడవది, ఇదే పనిని సర్వరు ద్వారా బ్రౌజరులో చేయడం. ఇందులో ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. కాని సిగ్నల్ లేని గ్రామంలో పని ఆగిపోతుంది, సర్వరు నిర్వహణ భారం కూడా ఉంటుంది. క్షేత్రస్థాయికి రెండవ మార్గమే అనువైనది. ఫైలు రాసే భాగాన్ని తెర నుండి వేరుగా ఉంచితే, తరువాత బ్రౌజరు తెరను జోడించడం సులభం.

అయితే తెర కూడా తప్పు చేయగలదు. రైతు ఎకరాకు యూరియా బస్తాలలో చెబుతాడు. నమూనా హెక్టారుకు కిలోల నత్రజనిని అడుగుతుంది. 46 శాతం నత్రజని గల 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. ఎకరాకు ఒక బస్తా అంటే హెక్టారుకు సుమారు 51 కిలోలు. పాత 50 కిలోల బస్తా లెక్క ప్రోగ్రాములో మిగిలిపోతే అది సుమారు 57 కిలోలవుతుంది. సిఫారసు దారి తప్పుతుంది. అలాగే 2023 జూలై 15వ తేదీని నమూనా 23196గా చదువుతుంది. అందువల్ల మార్చిన విలువలను తెరపై చూపి, ఫైలులో భద్రపరచాలి.

పంటల జాబితా విషయంలోనూ జాగ్రత్త అవసరం. డీశాట్‌లో పత్తికి నమూనా ఉంది. మిరపకు దగ్గరగా ఉన్నది బెంగళూరు మిరప నమూనా. స్థానిక రకాల క్షేత్ర సమాచారంతో సరిచూడకుండా దానిని ‘మిరప’ అనే పేరుతో చూపడం తగదు.

తెరను విడుదల చేసే ముందు ఒకే ప్రయోగాన్ని చేతితో రాసిన ఫైలుతోను, తెర ద్వారాను నడపాలి. రెండు దిగుబడులూ ఒకటిగా రానంతవరకు ఆ అంచనాతో రైతుకు సలహా ఇవ్వరాదు.