చూసేవాళ్లను చూద్దాం!

మ్యూజియానికి వెళ్లి వస్తువులు చూడటం మనకు అలవాటే. మరి మ్యూజియమే మనల్ని గమనిస్తే? రేపటి నేచురల్ హిస్టరీ మ్యూజియాలకు దారి అక్కడే దొరుకుతుంది.

మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాలుంది. పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు జనం చేరిపోతున్నారు. ముందే వచ్చినవాళ్లు కూర్చున్నారు. ఆలస్యమైనవాళ్లు మునివేళ్ల మీద నిలబడ్డారు. పిల్లలేమో నాన్నల భుజాలెక్కేశారు. ఠంచనుగా గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. టంగ్... టంగ్... పన్నెండుసార్లు! మరుక్షణం జనమంతా చెదిరిపోతారు.

ఈసారి బొమ్మను కాదు, జనాన్ని గమనించండి. ఎక్కడ ఆగారు? ఎవరికి కనబడలేదు? గంట మోగాక ఎటు వెళ్లారు? ఇవన్నీ ఓపిగ్గా రాసుకుని, వాటిని బట్టి ప్రదర్శనను తీర్చిదిద్దడమే డిజైన్ రీసెర్చ్.

తప్పు బీరువాదే!

ఇదేం కొత్త సంగతి కాదు. బోస్టన్ ఆర్ట్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 'మ్యూజియం అలసట' గురించి 1916లోనే రాశాడు. ఒక వ్యక్తిని అద్దాల బీరువాల ముందు నిలబెట్టి, లోపలున్న వస్తువుల మీద ప్రశ్నలడిగాడు. జవాబు వెతకడానికి అతను పడ్డ అవస్థను ఫొటోలు తీయించాడు. నడుం వంచడం, గొంతుక్కూర్చోవడం, మెడ సాచడం... అన్నీ అందులో ఉన్నాయి. సందర్శకుడు అలసిపోతే అది అతని ఆసక్తి లోపం కాదు, బీరువా ఎత్తులో లోపమని తేలింది.

రాబందు కథ చెప్పేదెలా?

గడియారమైతే గంటకోసారి తనే పిలుస్తుంది. స్టఫ్ చేసిన పక్షి పిలవదుగా! నేచురల్ హిస్టరీ మ్యూజియాలకున్న చిక్కే ఇది.

పాతబస్తీని ఆనుకుని బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జూ 1963లో ప్రారంభమైంది. తర్వాత అక్కడ నేచురల్ హిస్టరీ మ్యూజియం, రాబందుల సంరక్షణ కేంద్రం కూడా ఏర్పాటయ్యాయి. అలాంటి చోట ఒక రాబందు బొమ్మ పెట్టాలనుకుందాం. కింద శాస్త్రీయ నామం, రెక్కల పొడవు రాసిపెడితే పిల్లలు ఒక్క క్షణం చూసి వెళ్లిపోతారు. అదే తాతయ్య పక్కనుంటే? 'మా ఊళ్లో పశువు చనిపోతే ఇవి గుంపుగా వాలేవిరా' అంటాడు. 'ఇప్పుడేమయ్యాయి?' అని మనవడు అడుగుతాడు. బోర్డు మొదలవ్వాల్సింది ఆ ప్రశ్నతోనే!

జవాబు చిన్నదే. పశువులకు నొప్పి తగ్గడానికిచ్చిన డైక్లోఫెనాక్ మందు వాటి కళేబరాల్లో మిగిలింది. అది తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. 1990ల నుంచి పదిహేనేళ్లలోనే దేశంలోని తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా మాయమయ్యాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది.

ముందు అట్టముక్క... తర్వాతే అద్దం

దీనికి కోట్లు అక్కర్లేదు. మొదట అట్టముక్క మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో చేత్తో రాసి పెట్టాలి. పదిమంది పిల్లలతో చదివించాలి. ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చాలి. అందకపోతే ఎత్తు తగ్గించాలి. అన్నీ కుదిరాకే అద్దం బిగించాలి.

నగరంలోనే నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో 44 అడుగుల డైనోసార్ అస్థిపంజరం ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితీసిన ఎముకలవి. 1988లో దానికి పెట్టిన శాస్త్రీయ నామం 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్'. నోరు తిరగని ఆ పేరులో ఉన్నది మన పల్లె పేరేనని తెలిస్తే పిల్లల కళ్లు ఎంత మెరుస్తాయో!

రేపు కొన్ని జీవులు అద్దాల వెనకే మిగలొచ్చు. ఎందుకు పోయాయో అక్కడ కూడా అర్థంకాకపోతే, మిగిలినవాటిని కాపాడాలన్న ఆలోచన ఎలా వస్తుంది? అందుకే ఈసారి మ్యూజియానికి వెళ్లినప్పుడు 'పద పద' అంటూ పిల్లల చెయ్యి లాగకండి. వాళ్లు ఎక్కడ ఆగారో చూడండి. ఏమడిగారో గుర్తుపెట్టుకుని, బయటికొచ్చేటప్పుడు సందర్శకుల పుస్తకంలో రాయండి. రేపటి మ్యూజియానికి అదే మొదటి నమూనా!