ఇల్లు కాలాక జరిగే విచారణలు

కాలిన ఇంటిని ఒక్కో శాఖ ఒక్కో ప్రశ్నతో చూస్తుంది. ఎంత నష్టం జరిగిందని రెవెన్యూ అధికారి అడుగుతాడు. మంట ఎక్కడ పుట్టిందో అగ్నిమాపక శాఖకు కావాలి, ఎవరి చెయ్యి అయినా ఉందా అన్నది పోలీసులకు కావాలి. ఆ నష్టం పాలసీ కిందికి వస్తుందా అని బీమా సర్వేయరు తేలుస్తాడు. జవాబులన్నీ ఒకే బూడిదలోంచి రావాలి కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లో కాగితం మీదికి ఎక్కే మాటలకు చాలా విలువ ఉంటుంది.

నంద్యాల జిల్లా బండి ఆత్మకూరు మండలంలో వరి పండే ఊళ్లు చాలా ఉన్నాయి. ఇళ్ల పక్కనే గడ్డివాములు, పశువుల కొట్టాలు ఉంటాయి. బోదగడ్డి కప్పిన కొట్టం అంటుకుంటే నిమిషాల్లో కూలిపోతుంది. 101కో 112కో చేసిన ఫోను మంటలు ఆర్పడానికే కాదు, ప్రమాదం ఏ సమయంలో జరిగిందో చెప్పే మొదటి సాక్ష్యం కూడా అదే.

తర్వాత వీఆర్వో వచ్చి ఇరుగుపొరుగు సమక్షంలో పంచనామా రాస్తాడు. అగ్నిప్రమాదం రాష్ట్ర విపత్తు సహాయ నిధి వర్తించే విపత్తుల్లో ఒకటి. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి, అది పక్కాదైనా కచ్చాదైనా, 1.20 లక్షల రూపాయలు; గుడిసెకు 8,000. బట్టలకు 2,500, వంట సామానుకు 2,500 విడిగా ఇస్తారు. మట్టి, గడ్డి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న, కచ్చా ఇంటికన్నా తక్కువ స్థాయి తాత్కాలిక నివాసమే గుడిసె అని ఆ ప్రమాణాల్లోనే ఉంది. మట్టిగోడలు కట్టి, దూలాలు వేసి, తరాలుగా కాపురమున్న కొట్టం ఇంటిని పంచనామాలో గుడిసె అని రాస్తే ఆ కుటుంబానికి అన్యాయమే జరుగుతుంది. గోడల కొలతలు, ఫొటోలు, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు అప్పుడే చూపించాలి. ఆ నిర్మాణానికి అధికారిక గుర్తింపు ఉండాలన్న షరతు కూడా ఉంది.

మంట పుట్టిన చోటును కనుక్కోవడం వేరే విద్య. వేడి వాయువులు పైకి లేస్తాయి కనుక మంట పక్కలకన్నా పైకే వేగంగా పాకుతుంది. అందువల్ల గోడమీద మసి కింద సన్నగా, పైన వెడల్పుగా కనిపిస్తుంది. ఆ మొన ఉన్న చోటు నుంచి వెతుకుతారు. అయితే మండుతున్న కప్పు ఊడిపడితే నేలమీద అక్కడక్కడా కొత్తగా కాలిన గుర్తులు పడి, మంట చాలాచోట్ల పుట్టినట్టు భ్రమ కలుగుతుంది.

ఆధారం చూడకుండానే ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసేయడం సరికాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మామూలు ఇంటి మంటకే అంత వేడి ఉంటుంది కాబట్టి కరిగిన అల్యూమినియం తీగ దేన్నీ రుజువు చేయదు. రాగికి 1,085 డిగ్రీలు కావాలి. రాగి తీగ కొసన మాత్రమే గుండ్రటి పూస కట్టి, పక్కభాగం చెక్కుచెదరకుండా ఉంటే అది విద్యుత్ మెరుపు (ఆర్క్) వల్ల కరిగిందని అనుమానించవచ్చు. అప్పుడు కూడా తేలేది ఆ సమయానికి తీగలో కరెంటు ఉందనే. మంటకు అదే కారణమా, లేక మంట వల్లే తీగలు కలిశాయా అన్నది మిగతా గుర్తులు చెప్పాలి. అందుకే అధికారులు, సర్వేయరు చూసేదాకా శిథిలాలు ఎత్తకూడదు. మిగిలిన సామాను తడవకుండా పట్టా కప్పుకోవచ్చు, కప్పుకోవాలి కూడా.

గ్యాస్ వల్ల ప్రమాదమైతే లీకు ఫిర్యాదుకు 1906 ఉంది, డీలరుకు రాతపూర్వకంగా తెలపాలి. చమురు కంపెనీలు తీసుకునే ప్రజా బాధ్యత బీమా కింద మరణానికి 6 లక్షలు, కనెక్షన్ నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి ఒక్కో ప్రమాదానికి గరిష్ఠంగా 2 లక్షల రూపాయల వరకు రావచ్చు. దీనికి ఇంటివాళ్లు విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు. ఎవరైనా చనిపోతే పోలీసులు శవపంచనామా జరుపుతారు. మరణం కరెంటు వల్లనైతే 2003 విద్యుత్ చట్టం కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు విచారణ ఉంటుంది.

సొంత పాలసీ ఉన్నవారికి 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ నిబంధనలు ముఖ్యం. ప్రమాదం వెంటనే తెలిపి, 30 రోజుల్లో క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. విలువ తక్కువగా చూపి బీమా చేశారన్న కారణంతో పరిహారంలో కోత పెట్టరు. షార్ట్ సర్క్యూట్‌తో కాలిన పరికరానికి మాత్రం డబ్బు రాదు, దానివల్ల అంటుకున్న మిగతా ఇంటికి వస్తుంది. నగదు, దస్తావేజులు మామూలుగా ఇందులోకి రావు. గడ్డికప్పు ఇంటిని పాలసీ ‘కచ్చా నిర్మాణం’గా విడిగా నిర్వచిస్తుంది కనుక పాలసీ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. ఇంటి రుణం ఉంటే పరిహారం ముందు బ్యాంకుకు చేరవచ్చు.

సర్వేయరు కారణం అడిగినప్పుడు ఊహించి చెప్పడం ప్రమాదకరం. పంచనామాలో పొయ్యి అని, క్లెయిమ్‌లో కరెంటు అని ఉంటే చెల్లింపు చిక్కుల్లో పడుతుంది. చూసింది చెప్పి, తెలియనిదాన్ని తెలియదనడం నిజాయితీ గల జవాబే, క్లెయిమ్‌కూ మేలు చేసే జవాబు.

బీమా సంస్థ తిరస్కరించినా, ఫిర్యాదుకు నెలరోజుల్లో బదులివ్వకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోగా ఆశ్రయించవచ్చు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఆ తీర్పు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది.