ఓటీ లెక్కలో సీ లాంగ్వేజ్: ఫంక్షన్‌కి కాపీ ఇచ్చామా, అడ్రస్ ఇచ్చామా?

ఈ వారం ఎపిసోడ్‌లో నా ఓటీ ప్రోగ్రాం గోల విన్నారు కదా. కథ బాగుంది గానీ కోడ్ సంగతి బుర్రకెక్కలేదని కొందరు మెసేజ్ పెట్టారు. అందుకే ఇక్కడ నెమ్మదిగా రాస్తున్నా.

ముందు లెక్క. బేసిక్ నెలకు 800 డాలర్లు అనుకోండి. దాన్ని 12తో గుణించి, 52 వారాలు, వారానికి 44 గంటల చొప్పున భాగిస్తే గంటకు సుమారు 4.20 డాలర్లు. సింగపూర్‌లో ఓటీకి కనీసం దానికి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 6.29.

ఏ నెల ఎన్ని రోజులు ఓటీ పడుతుందో ముందే తెలియదు. అందుకే రోజుల సంఖ్య అడిగి, మాలాక్‌తో అంత అర్రే తీసుకున్నా. 11 రోజులు, 44 గంటలు వచ్చాయి. తర్వాత మర్చిపోయిన ఒక రోజు గుర్తొచ్చి, ‘చేర్చు’ అనే ఫంక్షన్‌తో ఇంకో 4 గంటలు కలిపా. టోటల్ చూస్తే మళ్ళీ 44! పేస్లిప్‌లో 48, నా నోట్‌బుక్‌లోనూ 48. తప్పు నా ప్రోగ్రాందే. స్లిప్పులో కూడా పొరపాటున 44 పడి ఉంటే? సరిపోయిందిలే అని ఊరుకునేవాణ్ణి. 25 డాలర్లు పోయేవి.

ఏం జరిగిందంటే, సీలో ఫంక్షన్‌కి ఏది ఇచ్చినా జిరాక్స్ కాపీయే వెళ్తుంది. రోజుల సంఖ్య ‘చేర్చు’ లోపల 12 అయింది, మెయిన్‌లో 11 గానే ఉండిపోయింది. అది మెయిన్‌లోనూ మారాలంటే & గుర్తు పెట్టి దాని అడ్రస్ పంపాలి, ఫంక్షన్‌లో * పెట్టి మార్చాలి.

అర్రే పంపితే మొదటి గడి అడ్రస్ మాత్రమే వెళ్తుంది. డార్మ్‌లో లాకర్ నంబర్ చీటీ మీద రాసి ఇచ్చినట్టు. చీటీ కాపీయే, లాకర్ మాత్రం ఒకటే. అందుకే ఫంక్షన్ గడిలో విలువ మారిస్తే మనకీ మారుతుంది. కానీ ఎన్ని గడులున్నాయో చీటీ చెప్పదు. ఫంక్షన్ లోపల సైజ్‌ఆఫ్ అడిగితే పాయింటర్ సైజే వస్తుంది, ఇప్పటి లాప్‌టాప్‌లలో మామూలుగా 8 బైట్లు. కాబట్టి సంఖ్యని ఎప్పుడూ వెంట పంపాలి.

రీఅలాక్‌తో ఇంకా జాగ్రత్త. పక్కన చోటు లేకపోతే అది సామానంతా వేరే లాకర్‌కి మార్చి, పాతది వదిలేస్తుంది. మెయిన్ చేతిలో పాత చీటీయే ఉంటుంది. అప్పుడు ఒకసారి సరైన జవాబు, ఇంకోసారి చెత్త. అందుకే కొత్త పాయింటర్‌ని రిటర్న్ చేయండి, లేదా పాయింటర్ అడ్రస్‌నే పంపండి, అంటే రెండు నక్షత్రాలు. చోటు దొరక్కపోతే రీఅలాక్ నల్ ఇస్తుంది, పాత అర్రే అలాగే ఉంటుంది. కాబట్టి జవాబుని ముందు వేరే పాయింటర్‌లో పట్టుకుని చూసుకోండి. చివర్లో ఫ్రీ ఎవరు చేయాలో ముందే నిర్ణయించుకోండి. ఒక్కసారే చేయాలి.

ఇంకోమాట. ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ కిందకి వచ్చేవాళ్ళకి 2016 ఏప్రిల్ నుంచి ఓటీ గంటలు, ఓటీ డబ్బు విడిగా చూపించే పేస్లిప్ ఇవ్వాల్సిందే. దాన్ని మీ లెక్కతో పోల్చుకోండి. ప్రోగ్రాం రాసుకున్నా సరే, నోట్‌బుక్ మాత్రం మానొద్దు. నన్ను కాపాడింది అదే.