ఆగిన కారులో కూర్చున్నా కేసేనా?

మద్యపానాన్ని మేము సమర్థించడం లేదు. అయినా ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వెళ్లే రోడ్డు పక్కన కారు ఆపుకుని నిద్రపోయిన మన యౌవనస్థుడిపై డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు పెడితే? పరువు పోతుందని నేరం ఒప్పించి, జరిమానా కట్టించేస్తుంటారు సంఘ పెద్దలు. చెయ్యని నేరం ఒప్పుకోవడమూ అబద్ధమే కదా!

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ శిక్షించేది తాగి నడిపినవారిని, నడపబోయినవారిని. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండాలి. బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలు మాత్రం జాగ్రత్త. అక్కడ పరిమితికి మించి తాగి, బహిరంగ స్థలంలో కారును తన అధీనంలో ఉంచుకున్నా నేరమే. నడిపే అవకాశం లేదని తానే రుజువు చేసుకోవాలి.

ఇక్కడ చిక్కంతా ఏసీ కోసం ఇంజన్ ఆపకుండా డ్రైవర్ సీట్లో కూర్చోవడంతోనే. బయల్దేరబోతున్నాడని పోలీసులు అనవచ్చు. తాగి అక్కడిదాకా నడిపాడనే సాక్ష్యం ఉంటే ‘ఆగి ఉన్నాను’ అన్న మాట నిలవదు. అవేవీ లేకుంటే ముందు న్యాయవాదిని కలవాలి. ఈ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లో వైద్య పరీక్ష జరిపించాలి, లేదంటే విడిచిపెట్టాలి.

మొదటి నేరానికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండూ. పరువు కోసం ఈరోజు ఒప్పుకున్నది రేపు మొదటి నేరంగా లెక్కకు రావచ్చు.