రెయిడ్ కంట్రోలరునకు డిస్కులను సంధించు విధము

ప్రాచీన తాళపత్రగ్రంథముల ఛాయాప్రతులు నేఁడు కంప్యూటరు డిస్కులయందు భద్రపఱుపఁబడుచున్నవి. తాటాకునకుఁ జెదలు శత్రువైనట్లు డిస్కునకును దనదైన వినాశహేతువు గలదు. ఏండ్లతరబడి పనిచేసిన హార్డ్ డిస్కు సూచన యేమియు లేకయే యొకనాఁడు నిలిచిపోవచ్చును. ఈ భయమును దగ్గించుటకై పెక్కు డిస్కులను గూర్చి యొక్కటిగా వాడుకొను పద్ధతికి రెయిడ్ అని పేరు. 1988వ సంవత్సరమునఁ గాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖకుఁ జెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అను మువ్వురు దీనినొక వ్యాసమున వివరించి యీ పేరు పెట్టిరి. హెచ్చు వెలగల పెద్ద డిస్కు నొక్కదానిని గొనుటకంటెఁ దక్కువ వెలగల చిన్న డిస్కులను బెక్కింటిని గూర్చుట మేలని వారి వాదము. డిస్కులు పెరిగినకొలఁది యేదో యొకటి చెడుట తఱచగును గాన, ఒకటి పోయినను వ్రాసినది నిలుచునట్లు అదనపు డిస్కులను జేర్పవలెనని వారు నిరూపించిరి. వారి లెక్కకు మూలమైన యూహ యొకటి గలదు: ఒక డిస్కు చెడుటకును వేఱొకటి చెడుటకును సంబంధము లేదనుట. డిస్కులను దగిలించువాఁడు చేయు పనులలోఁ బెక్కు ఈ యూహను నిలుపునవో చెఱచునవో యగును.

రెయిడ్ చేయు రక్షణము తెలుగు పద్యములను బరిష్కరించువారికి సుబోధము. ఉత్పలమాల మూఁడవ పాదమున రెండవ యక్షరమును బురుగు తినివేసినను, తక్కిన పాదముల ప్రాసను జూచి యచ్చటి హల్లును నిశ్చయింపవచ్చును. రెయిడ్ 5 అను విధమునందు డిస్కులలో నొకే వరుసకుఁ జేరిన బిట్లను లెక్కించి, ఒకట్ల సంఖ్య సరిసంఖ్య యగునట్లు మఱియొక బిట్టు వ్రాయఁబడును. 1, 0, 1 అను మూఁటికి 0 చేరును. వానిలో నడిమిది పోయినయెడల, మిగిలిన ఒకట్లు రెండు గావునఁ బోయినది 0 అని తేలును. పరిష్కర్త యూహవలెఁ గాక యిది తప్పని గణితము. ఐనను ఒకే వరుసలో రెండు పోయినచో నీ గణితమునకు సాధ్యము గాదు. రెయిడ్ 6 రెండు డిస్కుల నష్టమును సహించును. అందులకు మూల్యముగా స్థలము తగ్గును. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగున్నచో రెయిడ్ 5 నందు 12, రెయిడ్ 6 నందు 8 టెరాబైట్లు మాత్రమే వాడుకకు వచ్చును.

ఇఁక సంధానము. కంట్రోలరు కార్డు మదర్‌బోర్డుమీఁది పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటునందుఁ గూర్చుండును. డిస్కులకు సాటా, శాస్ అను రెండు తెగల కనెక్టరులు ప్రసిద్ధములు. సాటా డిస్కును శాస్ కంట్రోలరునకుఁ దగిలింపవచ్చును. శాస్ డిస్కును సాటా కంట్రోలరునకుఁ దగిలింపఁజాలము. కనెక్టరు ఆకారమే యడ్డుపడును. కార్డుమీఁది కనెక్టరు నొక్కదానినుండి బయలుదేఱిన కేబులు నాలుగు కొమ్మలై నాలుగు డిస్కులకుఁ జేరుట సామాన్యము. సౌకర్యమే కాని, ఆ కేబులు వదులైనచో నాలుగును ఒక్కసారిగా మాయమగును. డిస్కులు చెడకున్నను గంట్రోలరు వానిని జెడినవానిగానే యెంచును. కావున జంటప్రతులు వ్రాయు రెయిడ్ 1 నందైన, అట్టి జంటలు పెక్కు గల రెయిడ్ 10 నందైన, జంటలోని రెండింటిని వేఱువేఱు కేబులులకుఁ దగిలించుట వివేకము. ప్రతి డిస్కు క్రమసంఖ్యను బెట్టె వెలుపల వ్రాసి యంటించుట చిన్న పనియే. అది చేయకపోవుటచేతఁ జెడినదానికి బదులు మంచిదానిని ఊడఁదీసి, తాళఁగలిగిన నష్టమును దాళలేనిదానిగాఁ జేసికొనుట జరుగును.

హార్డ్ డిస్కును, ఎస్.ఎస్.డి.ని ఒకే కూటమిలోఁ జేర్పరాదు. నిమిషమునకు 7,200 సార్లు తిరుగు హార్డ్ డిస్కులోఁ గోరిన చోటు సూదిక్రిందికి వచ్చుటకే సగటున 4 మిల్లీసెకండ్లకుఁ బైగాఁ బట్టును. తిరుగు భాగమే లేని ఎస్.ఎస్.డి. దానికై వేచియుండవలసివచ్చును. అందుచే హెచ్చు వెల పెట్టిన ఫలము దక్కదు. కంట్రోలరులు కొన్ని యట్టి కూర్పును నిరాకరించును గూడ. రెండును గావలసినచో వేఱువేఱు కూటములుగా నొకే కంట్రోలరునకుఁ దగిలింపవచ్చును. ఇంటి వాడుకకుఁ జేసిన హార్డ్ డిస్కులలో మఱియొక చిక్కు గలదు. చదువరాని చోటు తగిలినప్పు డవి పట్టువిడువక చాలసేపు మరల మరలఁ బ్రయత్నించును. కంట్రోలరు విసిగి డిస్కునే తొలఁగించును. సర్వరులకుఁ జేసినవి కొలఁది సెకండ్లలోనే విరమించి, ఆ పనిని గంట్రోలరునకు వదలును.

కంట్రోలరు మెమరీయందున్న వ్రాఁత డిస్కునకుఁ జేరకముందే విద్యుత్తు పోయినచో నది నశించును. బ్యాటరీగాని కెపాసిటరుగాని లేనియెడల నా మెమరీని వ్రాఁతకు వాడకుండుటయే మంచిది. పూర్వమే గ్రంథములున్న డిస్కులను గొత్త కంట్రోలరునకుఁ దగిలించునప్పుడు, కూటమిని గొత్తగా సిద్ధముచేయు నాజ్ఞ యిచ్చినచో నందలి గ్రంథములు దక్కవు. పాత కూర్పును జదివి స్వీకరించు నాజ్ఞ వేఱుగా నుండును.

పైని జెప్పిన యూహ యెంత పెళుసైనదో 2019వ సంవత్సరము నవంబరు మాసమునఁ దెలిసినది. హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ తాను విక్రయించిన శాస్ ఎస్.ఎస్.డి.లు కొన్ని, వానిలోని ఫర్మ్‌వేర్ దోషమువలన, 32,768 గంటలు పనిచేసినంతనే చెడిపోవునని ప్రకటించెను. అనఁగా 3 ఏండ్ల 270 దినముల 8 గంటలు. రెండును బదునైదు మారులు వ్రాసి యన్నిటిని హెచ్చవేయఁగా వచ్చు సంఖ్యయే యది. ఒకే దినమునఁ దగిలించినవి యొకే దినమున నిలిచిపోవును. రెయిడ్ 6 సైతము వానిని గాపాడలేదు. సవరించిన ఫర్మ్‌వేరును ముందుగా నెక్కించినవారు తప్పించుకొనిరి. కావున డిస్కులను వేఱువేఱు సమయములఁ జేసిన సరకులనుండి యేఱుకొనుట, తగిలింపకముందే ఫర్మ్‌వేరును సరిచూచుట, పురాతనగ్రంథముల ప్రతి యొకదానిని ఈ కంట్రోలరుతో సంబంధము లేని వేఱొక డిస్కున వేఱొక యూర నుంచుట, ఈ మూఁడును సంధానముతోఁబాటు చేయవలసిన పనులు.