నోరు చేసే హెచ్చరిక

సోరియాసిస్ అనే చర్మవ్యాధిలో మనలను కాపాడవలసిన రక్షణశక్తియే అదుపు తప్పి చర్మాన్ని బాధిస్తుంది. దానిని అణచే ఔషధాలు చర్మానికి మేలు చేసినా, కొందరికి నోటిలో కీడు కలిగిస్తాయని మనము గ్రహించవలసి ఉన్నది.

మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించి కణవృద్ధిని నిరోధిస్తుంది. నోటి లోపలి పొర కణాలు వేగంగా పెరిగేవి కనుక అక్కడ పుండ్లు ఏర్పడవచ్చు. ఈ వ్యాధికి ఆ మందును వారానికొకసారి మాత్రమే వాడాలి. పొరపాటున ప్రతిదినమూ మింగితే ప్రాణాపాయము. నోటిపుండ్లు దాని తొలి సూచనలలో ఒకటి. ఈ బాధలను తగ్గించుటకు వైద్యులు ఫోలిక్ ఆమ్లాన్నే ఇస్తారు. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధకబృందానికి నాయకులు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల ఫలమే.

సైక్లోస్పోరిన్ వలన చిగుళ్ళు ఉబ్బి పెరగవచ్చు. 2015లో అమెరికాలో సోరియాసిస్‌కు అనుమతి పొందిన సెకుకినుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకొంటుంది. కాండిడా అనే శిలీంధ్రాన్ని నోటిలో అదుపు చేయుటకు ఆ పదార్థం తోడ్పడుతుంది. కనుకనే కొందరి నాలుకపై తెల్లని పూత కనిపిస్తుంది.

కావున నోటిపుండును అల్పమని దాచరాదు. తదుపరి మోతాదుకు ముందే వైద్యుని సంప్రదించాలి. దంతవైద్యునికి సైతం మనము వాడే మందుల పేర్లు తెలుపుట మన విధి.