కృష్ణమ్మ కొండెక్కింది!

మదనపల్లె టమాటా మార్కెట్ పేరు విననివాళ్లు ఉండరు. మరి ఆ టమాటాకి నీళ్లెక్కడివి? వాన పడితే సరే, లేదంటే వందల అడుగుల లోతు బోరే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఏడాదంతా పారే నది లేదు. అందుకే మహారాష్ట్ర కొండల్లో పుట్టిన కృష్ణమ్మను ఇక్కడికి రప్పించారు.

ఆ పథకమే హంద్రీ-నీవా. శ్రీశైలం జలాశయం నీటిని మల్యాల దగ్గర పంపులతో ఎత్తిపోస్తారు. జీడిపల్లి, గొల్లపల్లి, చెర్లోపల్లి రిజర్వాయర్లు దాటి పుంగనూరు కాలువలోకి, అందులోంచి కుప్పం కాలువలోకి మళ్లిస్తారు.

నీరు పల్లమెరుగు అంటారు కదా! ఇక్కడ లెక్క తిరగబడింది. శ్రీశైలం నిండితే నీటిమట్టం 885 అడుగులు. మదనపల్లె ఉన్నదేమో సుమారు 2,280 అడుగుల ఎత్తున. అందుకే దారి పొడవునా పంప్‌హౌస్‌లు, ప్రతి చోటా కరెంటు ఖర్చు.

జీడిపల్లికి 2012లోనే నీళ్లొచ్చాయి. కుప్పం దగ్గర పరమసముద్రంలో ముఖ్యమంత్రి చంద్రబాబు జలహారతి ఇచ్చింది మాత్రం 2025 ఆగస్టు 30న. అప్పటికి ఆ నీళ్లు చేసిన ప్రయాణం 738 కిలోమీటర్లు!

పక్కనే ఉన్న బెంగళూరు కూడా కావేరిని దాదాపు 100 కిలోమీటర్ల నుంచి, 500 మీటర్ల ఎత్తుకు తోడుకుంటోంది. కానీ హంద్రీ-నీవా లెక్కలోని 40 టీఎంసీలు కృష్ణా వరద నీళ్లు. వరదొస్తేనే వాటా. వచ్చినప్పుడు పట్టి ఉంచాల్సింది ఊరి చెరువులే. మీ ఊరి చెరువులో పూడిక తీశారా? వాగుకి అడ్డంగా ప్లాట్లేమైనా లేచాయా? ఈ ఆదివారం ఓసారి చూసి రండి.